దరువు లేని గుంపు

21 సెప్టెంబర్ 1994

పెట్టె వచ్చింది.

ప్రొఫెసర్ వామనమూర్తి గారు హైదరాబాద్ నుంచి కారులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చిండు, బాలింత బిడ్డను తెచ్చుకున్నట్టు. చిన్న గోపురం ఆకారంలో చెక్క పెట్టె. ముందల ఒక ఇనుప కడ్డీ అటూ ఇటూ ఊగుతది. టిక్కు. టిక్కు. సంగీతం నేర్చుకునేవాళ్ళు తాళం తప్పకుండా పక్కన పెట్టుకునేది. జర్మనీలో కొన్నడట. పక్షవాతంతో కాలు ఈడ్చేవాళ్ళను ఈ టిక్కు వినిపిస్తూ నడిపిస్తే, చెవి కాలును లాక్కపోతదట. మెదడులో తెగిన దారిని వదిలిపెట్టి కాలు పక్కదారి పట్టుకుంటదట. బయటి దేశాలలో దీనిమీద కాగితాలు రాస్తున్నరు. ఇక్కడ నేను రాయాలె.

"మంజులత గారూ, మనం చరిత్ర సృష్టిస్తున్నామండీ," అన్నడు. ట్రస్టు దవాఖాన వెనక వరండాలో, ఫినాయిల్ డబ్బాల పక్కన నిలబడి. చరిత్ర ఎక్కడ పుట్టాలో దానికే తెల్వాలె.

నలభై నాలుగేండ్లకు పీహెచ్‌డీ. బీఈడీ కాలేజీలో అదే సైకాలజీ, అవే పాత నోట్సు, ఏడాదికో కొత్త మొఖాల గుంపు. పెట్టెను చూస్తే నవ్వొచ్చింది. జర్మనీ దాకా ఎందుకు? నన్ను వరండాలో నిలబెట్టి పాఠం చెప్పిస్తే సరిపోయేది.

ఇంటికొచ్చి మా ఈయనకు చెప్పిన. మంచంలో పండుకొని వంకర మూతితోనే నవ్విండు. "మందిని నడిపిచ్చుడు నువ్వు నేర్చుకుంటున్నవా? నీకే అడుగుల అడుగు ఎయ్యరాదు. నేను జిందగంత చేసింది గదే గదనే."

డ్రిల్ మాస్టరు కదా. జులై ఆఖరులో స్కూలు గ్రౌండులో పంద్రాగస్టు పరేడుకు పిల్లలతో ప్రాక్టీసు చేయిస్తూ పడిపోయిండు. "లెఫ్ట్" అన్నడట. "రైట్" అనేలోపు ఎడమ పక్క మొత్తం పోయింది. ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా నాకు నవ్వు వస్తది, ఏడుపు రావాల్సిన జాగాలో.

26 సెప్టెంబర్

రోగులు దొరుకుతలేరట. నల్లగొండ జిల్లాలో నడవలేనోళ్ళకు కరువా?

పొద్దున్నే మర్రిగూడ బస్సు దిగి వరుసగా వచ్చిండ్రు. మెడ తిరగదు, నడుము లేవదు, మోకాళ్ళు వంగిపోయినయి. ప్రొఫెసర్ గారు కండ్లద్దాలు సర్దుకొని, "వీళ్ళ నడక ఇలా ఉందేమిటండీ?" అన్నడు.

"నీళ్ళు సార్. ఫ్లోరైడు."

"ఓహో. విన్నాను, విన్నాను. పాపం. అయితే వీళ్ళు మనకు పనికిరారు. మనకు కావాల్సింది మెదడు దెబ్బతిన్నవాళ్ళు కదా."

ఎముక పాడైతే పనికిరారు, మెదడు పాడైతే పనికొస్తరు. కురుమయ్య అని ఒక ముసలాయన కట్టె మీద ఆనుకొని అంతా విన్నడు. "మాకు పచ్చవాతం రాకపాయె తల్లీ. దానిగ్గూడ నొసట రాసుండాలె," అని, వచ్చిన బస్సుకే తిరిగిపోయిండు. ఛాయ్ అయినా తాగిపొమ్మని నా నోట రాలేదు.

కావాల్సినంత మంది కాలేదు. ఈయన పేరు కలిపిన. ఈయన నా మొగుడని ప్రొఫెసర్ గారికి తెల్వదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఫారంలో ఉద్యోగం దగ్గర వ్యాయామ ఉపాధ్యాయుడు అని చూసి, "అరె, నడిపించే మాస్టారే నడవలేకపోయాడా! ఇంటరెస్టింగ్," అన్నడు.

ఇంటరెస్టింగ్.

3 అక్టోబర్

చీటీలు తీసినం. ఈయన ఉత్త గుంపు.

4 అక్టోబర్

నిన్న సరిగా రాయలేదు.

రెండు గుంపులు. దరువు గుంపుకు పెట్టె టిక్కుతో నడక. ఉత్త గుంపుకు అదే వరండా, అదే నడక, అంతే సేపు, పెట్టె మాత్రం ఉండదు. రెండు నెలల తర్వాత ఆ గుంపు ఎంత బాగుపడ్డది, ఈ గుంపు ఎంత బాగుపడ్డది చూస్తరు. మధ్యన ఉన్న తేడా నా థీసిస్. ఎవరు ఏ గుంపో మనం ఎంచొద్దు, చీటీ ఎంచాలె. వార్డుబాయ్ జానయ్య డబ్బాలో చేయి పెట్టి తీసిండు.

ఈయనకు మొదట దరువు చీటీయే వచ్చింది. నేనే, "జానయ్యా, డబ్బా సరిగ్గ కలపలేదు, మళ్ళ తియ్యి," అన్న. రేపు ఎవడన్నా, పెండ్లామే మొగునికి పెట్టె ఇచ్చుకున్నది అంటే? పక్షపాతం అన్న మాట పడొద్దు. రెండోసారి ఉత్తది వచ్చింది. ప్రొఫెసర్ గారు అప్పుడు ఆఫీసు గదిలో ఫోను మాట్లాడుతున్నడు.

శాస్త్రం అంటే ఇదే మరి. దాని ముందల మనోళ్ళు, పరాయోళ్ళు ఉండరు.

డాక్టరు మాత్రం ముందే చెప్పిండు. వచ్చే నడక ఏదైనా మొదటి ఆర్నెల్లలో రావాలె, తర్వాత కాలు గట్టిపడిపోతది అని. రెండు నెలలు మంచంలో పోయినయి. రెండు నెలలు నా లెక్కలో పోతయి. ఇంకా రెండు మిగులుతయి కదా.

చాలు.

12 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. గల్లీలో ఆడవాళ్ళంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు. నేను ఎప్పటిలెక్కనే తప్పిన. అందరి చప్పుడూ ఒక్కటిగా పడ్డంక నాది ఒక్కటి వెనక పడుతది, బస్సు పోయినంక ఉరికొచ్చినోని లెక్క.

పెండ్లైన ఏడాది నుంచి ఈయనకు ఇదొక్కటే మాట. "మా ఆమె చప్పట్లు గొడితె బతుకమ్మ గూడ లేచి ఇంటికి పోతది." నలుగురిలో అంటడు. నలుగురూ నవ్వుతరు. నేనూ నవ్విన ఇన్నేండ్లు. బజారుకు పోతే నాకన్న బారెడు ముందల నడిచేటోడు. వెనక్కి తిరిగి, "లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్, జల్ది," అని కేకేసేటోడు. దుకాణాలవాళ్ళు కూడా నేర్చుకున్నరు. నేను కూరగాయలకు పోతే లోపలి నుంచి ఎవడో ఒకడు "లెఫ్ట్ రైట్" అంటడు.

ఇవ్వాళ ఈయన అరుగు మీద కుర్చీలో కూసున్నడు. చప్పట్లు పడుతుంటే ఎడమ కాలు కదులుతదా అని చూసిన. కదలలేదు.

ఎందుకు చూసిన? కదలాలనా, కదలొద్దనా?

18 అక్టోబర్

ఉత్త గుంపు రోజు ఈయనను ఆటోలో తీసుకపోతున్న. జానయ్య పక్కన ఉంటడు. కుడికాలు పోతది. ఎడమది చెప్పు ఈడ్చుకుంటూ వెనక వస్తది, పెండ్లికి పిలవని చుట్టం లెక్క. రెండు వారాలలో వీసమెత్తు మార్పు లేదు. ఉత్త గుంపులో మిగతావాళ్ళు ఎంతో కొంత లేస్తున్నరు. ఈయన ఒక్కడే ఎట్లున్నోడు అట్లనే.

దరువు గుంపులో ఖుద్దూస్ మియా నడుస్తుండు. దర్జీ. మిషను తొక్కే కాలే పడిపోయింది పాపం. పెట్టె టిక్కుమంటే ఆయన కాలు లేస్తది. "మేడం, గీ పెట్టెను నాకు కిరాయికియ్యుండ్రి. మా బేగం ఎంత అరిచినా లేవని కాలు, దీని మాటకు లేస్తాంది," అన్నడు. ప్రొఫెసర్ గారు పొంగిపోయి ఫోటో తీసిండు.

నేను పోయి పెట్టె ఆపిన. ఖుద్దూస్ మియా ఆగిపోయిండు.

ఇది నడకనా, ఊగుడా? అడిగితే ప్రొఫెసర్ గారు, "డౌట్లు తర్వాత పెట్టుకుందామండీ, ముందు డేటా," అన్నడు. ఆయనకు డౌటు అంటే చెప్పులో రాయి. నాకు అన్నంలో ఉప్పు.

సాయంత్రం ఈయన, "ఖుద్దూస్ నడుస్తుండట గద. పెట్టె నా వంతు ఎన్నడొస్తదే?" అని అడిగిండు.

"వస్తది," అన్న.

అబద్ధం కాదు. వంతు అన్నది ఎప్పటికైనా వచ్చేదే.

24 అక్టోబర్

నార్కట్‌పల్లి నుంచి యాదలక్ష్మి వదినె దిగింది, ఈయన అక్క. చేతిలో మూట, మొఖాన కోపం. వచ్చీ రాంగనే ఈయన పరుపు మీద పిడికిలితో గుద్దింది.

"గిసొంటి రాయి మీద పండవెడితె నరం ఎట్ల లేస్తదే మంజులా? దూది ఏకిపిచ్చి ఎన్నేండ్లైంది? డాక్టరు సదువు సదువుతున్నవట, పరుపు సంగతి తెల్వదా?"

దూది కొత్తగా ఏకిస్తే తమ్ముడు లేచి నడుస్తడని ఆమె సిద్ధాంతం. ఆమె సిద్ధాంతంలో రెండు గుంపులు లేవు. ఉన్నది ఒక్కడే తమ్ముడు. ఏమన్నా చేసుకో వదినె అన్న. మూఢనమ్మకంతో వాదం పెట్టుకునే ఓపిక నాకు లేదు.

29 అక్టోబర్

వరుసగా రాయాలె.

మధ్యాహ్నం క్లాసు లేక తొందరగా ఇంటికి వచ్చిన. గల్లీ మలుపులోనే చప్పుడు. టంగ్... టంగ్... టంగ్... దూదేకుల సర్దార్‌ను వదినె పిలిపించింది. వాకిట్లో పాత పరుపు విప్పి, పెద్ద విల్లు నారికి దూది తగిలించి కొడుతుండు. వాకిలంతా పొగమంచు లెక్క దూది.

ఆ దూది నడుమ ఈయన నిలబడి ఉన్నడు. నిలబడి కాదు. నడుస్తుండు.

చేతికర్ర చంకలో వేలాడుతాంది. టంగ్ అంటే ఎడమ కాలు లేస్తాంది, టంగ్ అంటే దిగుతాంది. చెప్పు ఈడుస్తలేదు. జుట్టుకు, మీసాలకు దూది అంటుకొని ముసలోని లెక్క ఉన్నడు. నవ్వుతుండు. వదినె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డది.

నేను "ఆపు!" అన్న.

సర్దార్ ఆపిండు. ఈయన కాలు గాలిలోనే ఉండిపోయింది. ఒక్క క్షణం అట్ల నిలబడి, ఏకిన దూది కుప్ప మీద కూలబడ్డడు. దెబ్బ తగల్లేదు.

"ఏమైందమ్మా?" సర్దార్.

"మా ఇంట్ల గీ చప్పుడు వద్దు."

"దూది ఏకితె చప్పుడు రాకుంట ఎట్లుంటదమ్మా? మా తాత గూడ చెప్పలే నాకా విద్దె."

"వద్దంటున్న కద. కూలి మొత్తం తీసుకో. లే."

"కూలి సంగతి కాదమ్మా. సగం ఏకిన దూది మళ్ళ గడ్డకడితె సర్దార్ పని చెడగొట్టిండంటరు. గా మాట పడ నేను."

వదినె నా రెక్క పట్టుకొని తిప్పింది. "ఏందే మంజులా, నా తమ్ముడు నడుస్తుండే! కండ్లు కనిపిస్తలెవ్వా?"

"కనిపిస్తున్నయి వదినె. అందుకే."

ఎందుకో ఆమెకు అర్థం కాదు. ఉత్త గుంపు మనిషికి దరువు తాకితే ఉత్త గుంపు చెడిపోతది. నెల రోజుల పని. ఇంత చిన్న సంగతి అర్థం కాదు వీళ్ళకు. తమ్ముడు నడిచిండు, తమ్ముడు నడిచిండు. సర్దార్ విల్లు భుజాన వేసుకొని, మా ఇంటి మొఖాన చూడకుండా పోయిండు.

ఈయన దూది కుప్ప మీద నుంచి నన్ను చూసిండు. ఎప్పుడూ నన్ను చూసి నవ్వే మనిషి.

31 అక్టోబర్

ఎస్టీడీ బూత్ నుంచి ప్రొఫెసర్ గారికి ఫోను చేసిన. ఉత్త గుంపు రోగి ఒకాయన ఇంట్లో దరువు విన్నడు, నడిచిండు, ఏం చేద్దామని అడిగిన.

"చెవుల్లో దూది పెట్టుకోమనండి!" అని పడీ పడీ నవ్విండు. ఆ తర్వాత, "ఎవరండీ? ఆ డ్రిల్ మాస్టారా? అతన్ని మాత్రం తియ్యకండి. ఉత్త గుంపులో అసలు కదలనిది అతనొక్కడే. అతనుంటేనే మనకు తేడా బాగా కనపడుతుంది. రెండో నెల పూర్తయ్యేదాకా జాగ్రత్తగా చూసుకోండి."

జాగ్రత్తగా చూసుకోవాలట. నడవకుండా.

ఎలక్షన్ జీపులు మొదలైనయి. మైకులో డప్పు పాటలు. సందులోకి జీపు రాంగనే లేచి కిటికీ మూసిన. ఎండ పడుతాందని. వదినె ఎండ లేని ఆకాశం దిక్కు చూసి, నా దిక్కు చూసింది.

6 నవంబర్, ఆదివారం

ఈయన మళ్ళ అడిగిండు. ఈసారి వంకరగా కాదు, తిన్నగా.

"ఖుద్దూస్‌కు పెట్టె ఎందుకిచ్చిండ్రు, నాకెందుకియ్యలే?"

చెప్పిన. రెండు గుంపుల సంగతి మొత్తం చెప్పిన, క్లాసులో చెప్పినట్టు.

"నన్ను గా గుంపుల ఎవరేసిండ్రు?"

"ఎవరు వెయ్యలె. చీటీ. జానయ్య తీసిండు."

"తీస్తె ఉత్తది వచ్చిందా?"

"రెండోసారి ఉత్తదే వచ్చింది."

నోరు జారింది. జారిందా? ఈయన ఉలిక్కిపడలేదు. నెమ్మదిగా, తడబడే నాలుకతో ఒక్కొక్క మాట కూడబలుక్కొని చెప్పిండు.

"పరేడుల అడుగు కలవని పోరన్ని పక్కకు తీసి జెండా కట్టె కాడ నిలవెట్టేటోన్ని. ఆనిమీద నాకేం పగ లేకుండె. పరేడు ఖరాబైతదని, గంతే. నువ్వు గూడ గంతేనా? లేకుంటె పగ ఉన్నదా?"

"శాస్త్రం," అన్న.

"శాస్త్రానికి రెండోసారి ఎందుకే?"

జవాబు చెప్పిన. ఏం చెప్పిన్నో ఇక్కడ రాయను. మంచి జవాబే. నాకు నమ్మబుద్ధి కాలేదు.

8 నవంబర్

పెట్టెను ఇంటికి తెచ్చిన. జానయ్యకు చెప్పి, సంచిలో పెట్టుకొని, దొంగ లెక్క. ఈయన ముందల స్టూలు మీద పెట్టి తిప్పిన. టిక్కు. టిక్కు.

"ఎనుకకు తీస్కపో."

"నడవండ్రి. మీ వంతే అనుకోండ్రి."

"చీటీ తిప్పిన చేతితోటి పెట్టె తిప్పుతవా? ఖుద్దూస్‌కిచ్చుకో."

అహంకారం. కాలు పోయినా అది పోలేదు. ఒకందుకు మంచిదే, తక్కినదంతా పడిపోతే అదన్నా నిలబడి ఉన్నది.

9 నవంబర్

సర్దార్ ఇంటికి పోయిన. భువనగిరి దిక్కు పోయిండట, చలికాలమంతా ఊర్ల మీదనే ఉంటడట. ఆయన భార్య ఖాదర్‌బీ గడపలోనే నిలబెట్టింది. "ఎల్లగొట్టినంక మళ్ళెందుకొస్తడమ్మా? మీ సగం దూది మీరే తలకాయ కింద వెట్టుకోండ్రి."

పెట్టుకున్న. గడ్డలు గుచ్చుకుంటున్నయి.

13 నవంబర్, ఆదివారం

పొద్దున వదినె, నేను కలిసి ఈయనను వాకిట్లో నిలబెట్టినం. పెట్టె వద్దన్నడు. విల్లు పోయింది. ఇంక మిగిలినవి నా చేతులు. చప్పట్లు కొట్టుడు మొదలుపెట్టిన.

"ఆపు, ఆపు! గదేం కొట్టుడే? కోడి రెక్కలు గొట్టుకున్నట్టు. ఒకటి ముందల, ఒకటి ఎనుక. మంచిగ నడిచేటోనికి గూడ పచ్చవాతమొస్తది."

వదినె, "నేను గొడ్తరా తమ్మీ," అని కొట్టింది. శుద్ధంగా కొట్టింది, ఒక్కటి తప్పలేదు. ఈయన కాలు లేవలేదు. సర్దార్ విల్లుకు లేచిన కాలు అక్క చప్పట్లకు లేవలేదు. ఎందుకో తెల్వదు. ఆనాటి నుంచి మనసే లేదేమో.

నేను మళ్ళ కొట్టిన. మళ్ళ తప్పిన. నాకూ రోషం వచ్చింది. చప్పట్లు కొడుతూనే, ఈయన పిల్లలతో చేయించినట్టు అక్కడికక్కడే అడుగులు వేసుడు మొదలుపెట్టిన. అవీ తప్పినయి.

"లెఫ్ట్!"

జులై తర్వాత ఆ గొంతు ఇప్పుడే విన్న. గ్రౌండు గొంతు. గోడ మీది పిట్టలు లేచిపోయినయి.

"లెఫ్ట్ అంటే ఎడమదే! అన్నం తినే చెయ్యి దిక్కుది కాదు! లెఫ్ట్! రైట్! మెడ ఎత్తు! లెఫ్ట్! సదువుకున్నదానివేనానే నువ్వు? రైట్!"

నన్ను సరిదిద్దుకుంటూ నా మీదికి వచ్చిండు. వచ్చిండు అంటే, నడిచి వచ్చిండు. "లెఫ్ట్" అన్నప్పుడల్లా తన ఎడమ కాలు లేస్తాంది. ఆ సంగతి ఈయన చూసుకోలేదు. ఈయన కండ్లు నా కాళ్ళ మీదనే ఉన్నయి, అసహ్యంతో. వదినె నోట్లో కొంగు కుక్కుకున్నది.

బాయి గట్టు కాడికి వచ్చినంక కిందికి చూసుకొని ఆగిండు.

చెవి కాలును లాగుతదని పెట్టె చెప్తది. ఈయనకు నాలుక లాగింది. మందిని నడిపిస్తుంటే నడుస్తడు. లేక నన్ను తిడుతుంటే నడుస్తడేమో. రెండిట్లో ఏదో తేల్చాలంటే ఇంకో రెండు గుంపులు కావాలె. ఒక గుంపుకు పెండ్లాం, ఒక గుంపుకు ఉత్త గోడ.

21 నవంబర్

రోజూ పొద్దున వాకిట్లో పరేడు. నేను నడుస్త, తప్పుత. ఈయన తిడుతడు, నడుస్తడు. గల్లీవాళ్ళకు తమాషా. నేను కూడా నోరు మూసుకొని నడుస్తలేను.

"జిందగీల ఒక్క పుస్తకం పూర్తిగ సదివిండ్రా మీరు?"

"పుస్తకాలు సదివి నువ్వేం నడుస్తున్నవు? లెఫ్ట్!"

"ఇరవై ఏండ్లు విజిల్ ఊదిండ్రు, ఒక్కడన్న మిలిటరీకి పోయిండా?"

"ముగ్గురు పోయిండ్రు! రైట్! నీ స్టూడెంట్లు ఏడికి పోయిండ్రు? నీ లెక్కనే టీచర్లయిండ్రు! లెఫ్ట్!"

కోపం ఎంత ఉంటే అంత దూరం. వదినె ఇద్దరికీ ఛాయ్ పోసి, "గిదే సంసారమైతె గిన్నేండ్లు ఎందుకు మూసుక కూసున్నరే," అన్నది.

దవాఖానలో మాత్రం ఉత్త గుంపు నడక ఎప్పటిదే. అక్కడ మాట్లాడొద్దు, నేను దగ్గరికి పోవద్దు. ఎడమ చెప్పు ఈడుస్తనే ఉన్నడు. ప్రొఫెసర్ గారికి ఏమీ చెప్పలేదు. చెప్పాలె. ఆఖరి పరీక్ష అయినంక చెప్పొచ్చు. అయినంక చెప్తే చెప్పినట్టా, దాచినట్టా?

10 డిసెంబర్, శనివారం

ఆఖరి పరీక్ష.

వరండా ఆ కొస నుంచి ఈ కొసకు నడవాలె. ఖుద్దూస్ మియా పెట్టె లేకుండా కూడా నడిచిండు, నేను ఇన్నాళ్ళు అది ఊగుడనే అనుకున్న. తప్పు నాదే. తన వంతు అయినంక బెంచీ మీద కూసొని మీసం దువ్వుకుంటుండు. చివరగా ఈయన. "మాట్లాడకూడదండీ, నిశ్శబ్దంగా నడవాలి," అన్నడు ప్రొఫెసర్ గారు. చేతిలో గడియారం పట్టుకొని నేను ఎదురు కొసన నిలబడ్డ.

ఈయన కదలలేదు.

కుడికాలు ముందలికి పెట్టిండు. ఎడమ కాలు అక్కడనే వదిలేసిండు, తనది కానట్టు. పొద్దున వాకిట్లో గడప నుంచి బాయి దాకా పోయి వచ్చిన కాలు. "నాతోని అయితలేదు సార్," అన్నడు. ఎంత వినయం! పెండ్లై ఇన్నేండ్లల్ల ఆ గొంతులో వినయం ఎన్నడూ వినలేదు. నా దిక్కు చూసి కనుబొమ్మ లేపిండు.

"పర్ఫెక్ట్," అన్నడు ప్రొఫెసర్ గారు నా చెవిలో. "ఇంత స్పష్టమైన తేడా నేనే అనుకోలేదు. మీ థీసిస్ అయిపోయినట్టేనండీ."

అర్థమైంది. నువ్వు తిప్పిన చీటీకి నేనే సరిపోయేటట్టు చేస్త, తీసుకో అంటున్నడు. దానం చేసిండా, మొఖాన ఉమ్మేసిండా? ఏదైనా సరే, నోరు మూసుకుంటే చాలు, పట్టా నా చేతిలో ఉంటది. డాక్టర్ మంజులత. ఈయన ఇంక జిందగంత ఎవరు అడిగినా కాలు ఈడ్చుకుంటూ చూపిస్తడు, మా ఆమె డాక్టరు అయిన కథ. అంత మొండి మనిషి. నిజంగనే చేస్తడు. కాలు గట్టిపడేదాకా చేస్తడు.

గడియారం బెంచీ మీద పెట్టిన. చప్పట్లు కొట్టిన.

"మంజులత గారూ?" ప్రొఫెసర్ గారు.

కొట్టిన. ఎప్పటి లెక్కనే, ఒకటి ముందల, ఒకటి ఎనుక. ఈయన దవడ బిగుసుకున్నది. కండ్లు మూసుకున్నడు. నేను నడుచుకుంటూ కొట్టిన, వరండా మధ్యలో, జానయ్య చూస్తుంటే, ఖుద్దూస్ మియా చూస్తుంటే, చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతుంటే, అన్ని అడుగులూ తప్పుకుంటూ. గల్లీలో నవ్వించుకున్నది సరిపోలేదని ఇక్కడ కూడా.

ఈయన ఓర్చుకున్నడు. ఇంకా ఓర్చుకున్నడు. ఆ పైన కాలేదు.

"తప్పు!" వరండా దద్దరిల్లింది. "తప్పు, తప్పు! లెఫ్ట్! థూ, నీ చప్పట్లు పాడుగాను! రైట్! నెల దినాల సంది చెప్తున్న, బర్రెకు చెప్పినా వచ్చు! లెఫ్ట్!"

తిట్టుకుంటూ నా దాకా వచ్చిండు. నా రెండు చేతులు పట్టుకొని ఆపిండు. ఎడమ చేతిలో కూడా ఇంత పట్టు ఉందని నాకు తెల్వదు.

ఖుద్దూస్ మియా, "వాహ్ సాబ్!" అన్నడు.

ప్రొఫెసర్ గారి మొఖం తెల్లబడ్డది. "ఏమిటండీ ఇది? ఎవరండీ ఇతను?"

"నా మొగుడు సార్. మొదటి చీటీ దరువే వచ్చింది. నేను మళ్ళ తీయించిన. ఇంటి కాడ రోజూ నడుస్తుండు. లెక్కలోకెల్లి తీసెయ్యుండ్రి."

"తీసేస్తే మీకు మిగిలే తేడా ఏమీ ఉండదు, తెలుసా? మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి."

"తెలుసు సార్."

"చదువుకున్నవాళ్ళు చేసే పనేనా అండీ ఇది?"

ఏ పని, చీటీదా, చప్పట్లదా, అని అడగబోయిన. ఈయన అందుకున్నడు, నా చేతులు వదలకుండనే. "మీరు జర ఆగుండ్రి సార్. ఆమెను అనేటోన్ని నేనున్న."

11 డిసెంబర్

ప్రొఫెసర్ గారు పెట్టె తీసుకొని పోయిండు. మళ్ళ ఒళ్ళోనే పెట్టుకున్నడు. థీసిస్ ఉంటదో పోతదో తెల్వదు. మళ్ళ చేయాలంటే కొత్త రోగులు, కొత్త చీటీలు. చీటీల డబ్బా మాత్రం నా చేతికి ఇవ్వద్దని చెప్తడేమో. చెప్పాలె కూడా.

వదినె సర్దార్‌కు కబురు పంపింది. మిగిలిన దూది ఏకిపిచ్చుకోండ్రి, నేను నార్కట్‌పల్లి పోత, మీ పరేడు చూసి చూసి నా కాళ్ళు గుంజుతున్నయి అన్నది.

పొద్దున వాకిట్లో ఎప్పటి లెక్కనే. ఈయన బాయి దాటి, దర్వాజ దాకా వచ్చి, గల్లీ అంతా వినేటట్టు, "ఇయ్యాల గూడ తప్పుతున్నవు! ఎన్నేండ్లకొస్తదే నీకు?" అన్నడు. మైసమ్మ గుడి కాడి నుంచి ఎవడో "లెఫ్ట్ రైట్" అని నవ్విండు.

ఇవ్వాళ కొన్ని కావాలని తప్పిన. కొన్ని నిజంగనే తప్పినయి. ఏవి ఏవో నాకే తెలుస్తలేదు. ఈయనకు అస్సలు తెల్వద్దు.